చార్టు కింద పేర్లు

నేను ఒక పరీక్ష అట్టను. పదో తరగతి పిల్లలు కాగితాల కింద పెట్టుకొని రాసుకొనే మామూలు గోధుమరంగు అట్టను. నా తలకొక ఇనుప క్లిప్పు ఉంది. అది తుప్పు పట్టింది. నా మూలలు రెండు చివికి మెత్తబడ్డాయి. ఇరవై ఏళ్ళకు పైగా మనుషులు నా మీద రాస్తూనే ఉన్నారు గానీ, నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. అందుకని ఇవాళ నేనే చెబుతున్నాను. తీరిక కూడా దొరికింది. ఇప్పుడు నేను ఒక కారులో, ఒక పెద్దమనిషి ఒళ్ళో కూర్చొని, కావలి నుంచి మద్రాసు విమానాశ్రయానికి పోతున్నాను. అక్కణ్ణుంచి జపాన్‌లో ఒసాకా అనే మహానగరానికి. ఒక అట్టకు ఇంతకు మించిన యోగం ఏం కావాలి అంటారేమో. కొంచెం ఆగి వినండి, తర్వాత అనండి.

నేను ఏ చెట్టులో పుట్టానో నాకు తెలియదు. చెక్కపొట్టును ఉడికించి, మిషన్లో పెట్టి అణిచి నన్ను రేకులా చేశారు. నెల్లూరు దగ్గర ఒక షెడ్డులో ముక్కలుగా కోశారు. ఒకావిడ నా తలకు రెండు మేకులు కొట్టి క్లిప్పు బిగించింది. రెండుసార్లు నొక్కి వదిలి, టక్కుమన్న చప్పుడు విని, 'సరే' అనుకొని నన్ను కట్టలో పడేసింది. ఆ టక్కు చప్పుడే నా గొంతు.

కావలి బజారులో నన్ను కొన్నది మస్తానయ్య. అప్పట్లో ఆయన బస్సు డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరాలి, దాన్ని ఏ డ్రైవరు తోలాలి, ఏ కండక్టరు ఎక్కాలి, ఇదంతా చార్టు రాసి బండ్లను గేటు దాటించే ఉద్యోగం. కూతురు ప్రసూన పదో తరగతి పరీక్షలకని అట్ట కొనడానికి వచ్చి, కొట్లో ఉన్న ఏడు అట్టల క్లిప్పులూ నొక్కి చూశాడు. కొట్టువాడు విసుక్కుంటున్నా పట్టించుకోలేదు. చివరకు నన్ను తీసుకొని, 'దీని పట్టు బాగుంది' అన్నాడు. నన్ను మెచ్చుకున్న మొదటి మనిషీ, ఆఖరి మనిషీ ఆయనే.

ఆ పిల్ల లెక్కల్లో చురుకు. సైన్సులో సూత్రాలు మాత్రం నోటికి రావు. సైన్సు పరీక్షనాడు పొద్దున్నే నా ఒంటి మీద, సరిగ్గా జవాబు కాగితం వచ్చేచోట, పెన్సిలుతో సన్నగా తొమ్మిది సూత్రాలు రాసుకుంది. కాగితం పెడితే కనపడవు, ఎత్తితే కనపడతాయి. అంత తెలివి ఉన్న పిల్లకు ఆ తొమ్మిదీ నేర్చుకోవడం ఒక లెక్కా? మనుషుల తెలివి ఎప్పుడూ అవసరం లేని చోటే ఎక్కువగా పనిచేస్తుంది.

బస్సును గేటు దాటించే ముందు టైర్లన్నీ తట్టి చూసే అలవాటు మస్తానయ్యది. కూతుర్ని పంపేటప్పుడూ అంతే. హాల్ టికెట్ చూశాడు, పెన్నులు గీసి చూశాడు, నన్ను తిప్పి చూశాడు. సూత్రాలు కనపడ్డాయి. కొట్టలేదు, అరవలేదు. తడిగుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"తుడువ్ అమ్మాయ్," అన్నాడు. "తలకాయలో ఉండేదే నీది. అట్ట మీద ఉండేది అట్టది."

ప్రసూన ఏడుస్తూ తుడిచింది. ఆమె కన్నీళ్ళ సంగతి అటుంచండి, నాకు మాత్రం ఆ మాట భలేగా నచ్చింది. నా మీద రాసింది నాదేనని అప్పటిదాకా ఎవరూ అనలేదు.

ప్రసూన గట్టెక్కింది. కాలేజీకి ఆమెకు పువ్వుల బొమ్మలున్న ప్లాస్టిక్ అట్ట కొన్నారు, నేను డిపోకు చేరాను. డిపో చార్టు అంటే ఏమిటో మీకు చెప్పాలి. ఎడమవైపు సర్వీసు పేరు ఉంటుంది. పక్కన డ్రైవరు, కండక్టరు, బయలుదేరే టైము, తిరిగొచ్చే టైము. అన్నిటికంటే కింద ఒక గడి ఉంటుంది, దాని పేరు స్పేర్. డ్యూటీకి రావలసినవాడు రాకపోయినా, వచ్చి ఒంట్లో బాగాలేక కూలబడినా, వాడి బదులు బండి ఎక్కడానికి సిద్ధంగా కూర్చునే మనిషి పేరు అందులో రాస్తారు. స్పేర్ లేని చార్టు మస్తానయ్య ఒక్కటీ రాయలేదు. పోయే బండికి తిరిగొచ్చే టైము రాయని చార్టు కూడా ఒక్కటీ రాయలేదు.

చార్టు నా మీద ఉండేది, టైములన్నీ ఆయన నోట్లో ఉండేవి. గేటు దగ్గర ఎవరైనా ఆగి, "పదకొండు పదికి ఏముందన్నా?" అంటే, నా వైపు కన్నెత్తి చూడకుండానే, "నెల్లూరు ఎక్స్‌ప్రెస్, బిట్రగుంటలో ఆగదు," అనేవాడు. నన్ను చంకలో పెట్టుకొని తిరగడం ఆయనకు అలంకారం. నాకేమీ బాధ లేదు. చూడనవసరం లేని మనిషి చంకలో ఉండటం కూడా ఒక హోదాయే.

బండ్లు ఆ చార్టు ప్రకారం నడిచేవా అంటే, అది వేరే సంగతి. రైలు గేటు పడేది. పెళ్ళి ఊరేగింపు అడ్డొచ్చేది. గొర్రెల మంద తీరిగ్గా రోడ్డు దాటేది. మస్తానయ్య మర్నాడు మళ్ళీ అదే నిష్ఠగా స్కేలు పెట్టి గీతలు గీసి, ఐదు నలభై, ఆరు పది అని ముత్యాల్లాంటి అంకెలు వేసేవాడు. మనుషుల్లో నాకు నవ్వొచ్చే గుణం ఇదే, నచ్చే గుణమూ ఇదే.

రిటైరైన రోజున ఆయనకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టారు. బతుకంతా టైము చెప్పినవాడికి గడియారం ఇవ్వడం ఏమిటో! ఆయన దాన్ని ముందు గదిలో తగిలించి, నన్ను అటక మీద పెట్టాడు. నాలుగేళ్ళు అక్కడే దుమ్ము తిన్నాను.

నన్ను కిందికి దించింది ఒసాకా. జపాన్‌లో ఒక రైలు కొన్ని సెకన్లు ముందు బయలుదేరినందుకు కంపెనీవాళ్ళు జనానికి క్షమాపణ చెప్పారని ఆయన ఎప్పుడో పేపర్లో చదివాడు. ఆ ముక్క కత్తిరించి పర్సులో దాచుకున్నాడు. భార్య పెంచలమ్మకు దాన్ని ఎన్నిసార్లు చదివి వినిపించాడో లెక్కలేదు.

"ముందు బయల్దేరినందుకు మే! లేటైనందుకు గాదు!"

"వింటిని లేవయ్యా. ఆ పప్పు మాడిపోతా ఉంది," అనేది పెంచలమ్మ.

ప్రసూన ఇప్పుడు మద్రాసులో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. భర్త కిశోర్, మూడో తరగతి చదివే కూతురు నిత్య. మొన్న సంక్రాంతి తర్వాత ఫోన్ చేసి, "నాయనా, ఎండాకాలం సెలవలకి అందరం ఒసాకా పోదాం. టిక్కెట్లూ హోటలూ మేం చూసుకుంటాం. ప్లాను మాత్రం నువ్వే వెయ్యాల," అంది. మస్తానయ్య మారు మాట్లాడకుండా నిచ్చెన వేసి నన్ను దించాడు. తడిగుడ్డతో తుడిచి, క్లిప్పు నొక్కి చూశాడు. టక్కుమంది. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చినట్టయింది.

ఐదు రోజులకు చార్టు గీశాడు. ఒకటో రోజు ఒసాకా కోట. రెండో రోజు సముద్రపు చేపల్ని అద్దాల్లో చూపించే అక్వేరియం. మూడో రోజు పక్కనే ఉన్న నారా అనే ఊరు, అక్కడ జింకలు జనం మధ్యే తిరుగుతాయట. నాలుగో రోజు ఒక పాత బౌద్ధాలయం, సాయంత్రం కాలవ పక్కన దీపాల బజారు. ఐదో రోజు లూప్ లైన్. అంటే ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే రైలు. మొత్తం పంతొమ్మిది స్టేషన్లు. ఎక్కినచోటే మళ్ళీ దింపుతుంది.

"ఎక్కినకాడే దిగేదానికి ఎక్కడం ఎందుకయ్యా?" అంది పెంచలమ్మ.

"అదే గదా చూడాల్సింది! డిపోకి పోవాల్సిన పన్లేకుండా తిరిగే బండి మే అది."

ప్రతి రోజుకూ మనుషుల డ్యూటీలు వేశాడు. పెంచలమ్మకు పులిహోర, పొడులు, మాత్రలు. అల్లుడికి బ్యాగులు. నిత్యకు కిటికీ సీట్లు వెతికే పని. పైన కంట్రోలర్ అని రాసి తన పేరు వేసుకున్నాడు. కింద గడిలో 'స్పేర్: అమ్మాయి' అని రాశాడు. విహారయాత్రకు స్పేర్ ఏమిటా అని నేను కూడా నవ్వుకున్నాను. అలవాటు అనుకున్నాను.

రోజూ పొద్దున వరండాలో కుర్చీ వేసుకొని ఆ పంతొమ్మిది స్టేషన్ల పేర్లు వల్లె వేసేవాడు. "ఒసాకా, తెన్మా, సకురానోమియా, క్యోబాషి..." నా మీదున్న కాగితం చూసి ఒకసారి, కళ్ళు మూసుకొని ఒకసారి. మధ్యాహ్నానికి పంతొమ్మిదీ వచ్చేవి. మర్నాడు పొద్దునకు నాలుగు మిగిలేవి. మళ్ళీ మొదటినుంచి. పదిహేను రోజులైనా అంతే. ఒకరోజు కళ్ళు మూసుకొని, "తెన్మా, సకురానోమియా, బిట్రగుంట..." అన్నాడు. లోపల్నుంచి పెంచలమ్మ పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆమె లోపలికి పోయాక మాత్రం ఆయన నవ్వు ఆగిపోయింది. నన్ను పట్టుకున్న బొటనవేళ్ళు తెల్లబడేలా బిగించాడు. ఒకప్పుడు ఇలాగే ఒక పిల్ల బిగించి పట్టుకుంది నన్ను, పరీక్ష హాల్లో, సూత్రం గుర్తుకు రాక.

ఆ నెలలోనే వీసా కాగితాలు వచ్చాయి. కుటుంబంలో అందరి పేర్లూ నింపాలి. మస్తానయ్య తన పేరు రాశాడు, పెంచలమ్మ పేరు రాశాడు. అల్లుడి గడి దగ్గర కలం ఆగింది. కాసేపు ఆకాశం వైపు చూశాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, చాలా తేలిగ్గా అడిగాడు.

"మే, అల్లుడి పేరు పూర్తిగా ఎట్టా రాస్తారు?"

"కిశోర్ కుమార్. ఇంటిపేరు ముందే రాయాల," అంది ఆమె, కూర తిప్పుతూనే.

ఆయన కాగితం నింపాడు. ఆ తర్వాత చుట్టూ చూసి, నా మీదున్న చార్టు పైకెత్తి, నా ఒంటి మీద, ఆనాడు ఆ పిల్ల సూత్రాలు రాసుకున్న చోటే, పెన్సిలుతో సన్నగా రాసుకున్నాడు. 'అల్లుడు - కిశోర్.'

నాకు గుండె గుబేలుమంది. అట్టకు గుండె ఎక్కడిదని అడగకండి. పరీక్ష హాల్లో అడ్డమైన కాపీ స్లిప్పులన్నీ చూసినదాన్ని. ఇది కూడా కాపీ స్లిప్పేనని నాకు వెంటనే తెలిసిపోయింది. పరీక్ష ఏమిటో మాత్రం తెలియలేదు.

తర్వాత ఒక్కొక్కటే చేరాయి. 'మనవరాలు - నిత్య.' 'పక్కింటాయన - చెంచయ్య.' 'పెంచలకు బీపీ మాత్ర పొద్దున.' 'స్నానం అయినాక గీజరు ఆపాల.' అన్నీ చార్టు కిందే. రోజుకు పదిసార్లు చార్టు అంచు ఎత్తి చూసుకొని మళ్ళీ దించేవాడు. చూసినవాళ్ళు ఈయనకు ఒసాకా పిచ్చి పట్టిందని అనుకున్నారు.

ఇంట్లోవాళ్ళు ఎందుకు పట్టుకోలేకపోయారంటారా? ఎలా పట్టుకుంటారు? అల్లుణ్ణి ఆయన ఎప్పుడూ 'అల్లుడూ' అనే పిలిచాడు. కూతుర్ని 'అమ్మాయ్', మనవరాల్ని 'బంగారూ', భార్యను 'మే'. పేరు పెట్టి పిలవకపోవడమే మర్యాదగా బతికే ఇంట్లో, పేర్లు జారిపోతున్న మనిషి ఎంతకాలమైనా హాయిగా దాక్కోవచ్చు. పెళ్ళయిన పదేళ్ళలో మామ తన పేరు పలకలేదని కిశోర్ ఎన్నడైనా నొచ్చుకున్నాడా? లేదు. గౌరవం అనుకున్నాడు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ప్రసూన, కిశోర్ కావలి వచ్చారు. భోజనాలయ్యాక మస్తానయ్య నన్ను తెచ్చి అల్లుడి చేతికి ఇచ్చాడు. కిశోర్ మెత్తని మనిషి. చార్టు శ్రద్ధగా చదివాడు.

"అద్భుతంగా ఉంది మామయ్యా. మా ఆఫీసులో కూడా ఇంత నీటుగా వెయ్యరు," అన్నాడు. "నారా దగ్గర మాత్రం, పొద్దున ఎనిమిది ఇరవైకి పోతాం అని ఉంది. తిరుగు రైలు రాయలేదే?"

మస్తానయ్య చార్టు వైపు చూశాడు. నాకు ఆయన చూపు తెలుసు. ఆ గడి ఖాళీగా ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది.

"అది నైట్ హాల్టు అల్లుడూ," అన్నాడు. "ఆ బండి ఆడే పడుకుంటది. మర్నాడు పొద్దున తిరుగుద్ది."

కిశోర్ నవ్వాడు. పెంచలమ్మ, "జింకల మధ్యన పడుకుందాంలే," అని నవ్వింది. ప్రసూన నవ్వలేదు. చిన్నప్పుడు నాన్న భోజనం క్యారియర్ తీసుకొని డిపోకు పోయి, ఆయన పక్కన కూర్చొని చార్టులు చదువుకున్న పిల్ల ఆమె. ఈ మనిషి తిరుగు టైము రాయకుండా ఒక బండిని బయటికి పంపడని ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నన్ను తీసుకొని మిగిలిన రోజులు చూసింది. నాలుగో రోజు గుడికి వెళ్ళే టైము రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. నన్ను బల్ల మీద పెట్టింది.

రెండు రోజులు సెలవు పెట్టుకొని ఉండిపోయి, "నాయనా, విమానం ఎక్కే పెద్దోళ్ళు డాక్టరు చేత ఒక సర్టిఫికెట్ రాపించుకుంటే మంచిదంట," అని అబద్ధం చెప్పి ఆయన్ని నెల్లూరు తీసుకుపోయింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని, నన్ను చంకలో పెట్టుకొని బయలుదేరాడు.

డాక్టరు మర్యాదస్తుడు. ఆ కబురూ ఈ కబురూ అడిగాడు. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. తర్వాత తెల్లకాగితం ఇచ్చి, "ఒక గడియారం బొమ్మ గీయండి. పదకొండు గంటల పది నిమిషాలు చూపించాలి," అన్నాడు.

"పదకొండు పది. నెల్లూరు ఎక్స్‌ప్రెస్ టైము సార్ అది. బిట్రగుంటలో ఆగదు," అన్నాడు మస్తానయ్య హుషారుగా.

కాగితాన్ని నా క్లిప్పుకు పెట్టి, ముందు గుండ్రంగా సున్నా చుట్టాడు. చక్కగానే వచ్చింది. పన్నెండు వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు వేసుకుంటూ పోయాడు. ఆ అంకెలన్నీ ఒక పక్కనే దిగబడ్డాయి. ఎనిమిది వచ్చేసరికి కిందికి చేరిపోయాడు, మిగిలినవాటికి చోటు ఎక్కడ ఇవ్వాలో తెలియలేదు. పెన్సిలు ఆగింది. ముల్లు ఎక్కణ్ణుంచి గీయాలో తెలియక, పెన్సిలు మొన నా మీద, కాగితం మీదుగా, అటూ ఇటూ వణికింది. ఆ వణుకు నా ఒంట్లో ఇప్పటికీ ఉంది. ముప్పై ఏళ్ళు టైముతో కాపురం చేసిన మనిషి నన్ను ఒళ్ళో పెట్టుకొని గడియారం గీయలేకపోయాడు. పక్కన ప్రసూన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన తలెత్తలేదు.

"డాక్టరుగారూ," అన్నాడు. "ఇంకో కాగితం ఇస్తారా?"

ఇచ్చాడు. అదీ అంతే.

జబ్బు మొదట్లోనే ఉందనీ, మందులు వాడితే కొంత నెమ్మదిస్తుందనీ, వెనక్కి మాత్రం పోదనీ డాక్టరు ప్రసూనను పక్కకు పిలిచి చెప్పాడు. ప్రయాణం చేయవచ్చు, కానీ ఒంటరిగా క్షణం కూడా వదలకూడదు అన్నాడు. 'పోవాలనుకుంటే ఈ ఏడాదే పోండి' అని కూడా అన్నాడు. ఆ మాట ఆమె ఇంటికి వచ్చాక తల్లికి చెబుతుంటే విన్నాను.

ఆ సాయంత్రం ముందు గదిలో పెంచలమ్మ గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే ఒక నిర్ణయానికి వచ్చింది.

"యాడికీ పోబళ్ళేదు. భాష తెలీని దేశంలో ఈయన చెయ్యి జారిపోతే నేను యాడని వెతకాల? టిక్కెట్లు తీసి పారెయ్."

"అది గాదమ్మా..."

"నోరు ముయ్! జింకలంట, రైళ్ళంట! మనిషే చేతికి రాకుండా పోతా ఉంటే!"

వరండాలో కుర్చీలో నేనూ మస్తానయ్యా అంతా విన్నాం. ఆయన ఒళ్ళో నా మీద ఒసాకా చార్టు ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. ఎందుకోసమని ఆ కోట, ఆ చేపలు, ఆ గుండ్రటి రైలు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెప్పిన టైముకు బండి వచ్చే చోట నిలబడాలని. దానికోసం మూడు నెలలు స్కేలు పెట్టి గీతలు గీశాడు. జాలి అనేది నాకు అలవాటు లేదు గానీ ఆ పూట నా మీద ఆయన చేతుల బరువు మోయలేకపోయాను.

లేచాడు. క్లిప్పు నొక్కి చార్టు ఊడదీశాడు. లోపలికి వెళ్ళి దాన్ని కూతురి ముందు పెట్టాడు.

"బండి ఆపబాకండి," అన్నాడు. "కంట్రోలరుకి ఒంట్లో బాగలేదు. అట్టాటప్పుడు స్పేర్ ఎక్కాల. నేను ముందే రాసుంచా, చూడు. స్పేర్, అమ్మాయి."

అప్పుడు గుర్తొచ్చింది నాకు, చార్టు తీసేశాక నేను ఒట్టి ఒంటితో ఆయన చేతిలో ఉన్నానని. ప్రసూన చూపు నా మీద పడింది. నన్ను తీసుకొని కిటికీ దగ్గరకు పోయి చదివింది. అల్లుడు కిశోర్. మనవరాలు నిత్య. పక్కింటాయన చెంచయ్య. బీపీ మాత్ర. గీజరు.

మస్తానయ్య తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

"తుడిచెయ్యమంటావా?" అన్నాడు. "తడిగుడ్డ తెచ్చేదా?"

ప్రసూన తల అడ్డంగా ఊపింది.

"వద్దు నాయనా. ఉండనీ." మళ్ళీ చదివి, నవ్వబోయి, "అందరి పేర్లూ ఉండాయి, నా పేరు లేదే?" అంది.

"నీ పేరా?" ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "నీ పేరు రాసుకునేదేంది అమ్మాయ్? ప్రసూన నా నోట్లోంచి పోయే పేరా?"

పెంచలమ్మ ఆ మాటకు కళ్ళు తుడుచుకొని, "సరే, పోదాం," అంది. అంతే. అంతకుముందు అరగంటసేపు అరిచిన అరుపులన్నీ ఏమైపోయాయో నాకు తెలియదు.

తర్వాత నెలంతా తండ్రీ కూతుళ్ళు కొత్త చార్టు రాశారు. శనివారాలు ఆమె వచ్చేది. ఆయన చెప్పేవాడు, ఆమె స్కేలు పెట్టి గీసేది. నారాకు తిరుగు రైలు వేసింది. ప్రతి గడిలోనూ ఆయన చెయ్యి ఎవరు పట్టుకోవాలో రాసింది. పైన కంట్రోలర్ అని రాసి ఆయన పేరే ఉంచింది. "ఇట్టా రాస్తే చార్టు తప్పు గదా?" అన్నాడాయన. "ఉండనీ నాయనా," అంది. ఆ నెలలో ఒక్కోరోజు ఆయన ఎప్పటిలా చురుగ్గా ఉండేవాడు. ఒక్కోరోజు ముందు గది గడియారం కింద నిలబడి, అడగడానికి మొహమాటపడుతున్నవాడిలా దానివైపు చూసేవాడు.

ఇక ఇవాళ పొద్దున సంగతి. కిశోర్, నిత్య మద్రాసులో విమానాశ్రయానికి నేరుగా వస్తారు. ప్రసూన తల్లిదండ్రులను తీసుకుపోవడానికి నిన్ననే వచ్చింది. కారు వాకిట్లో ఆగి ఉంది. పెంచలమ్మ వంటింట్లో గ్యాసు కట్టేసి, కట్టేశానా లేదా అని మూడోసారి చూస్తోంది. ప్రసూన నడవలో మోకాళ్ళ మీద కూర్చొని పెట్టె జిప్పు లాగుతోంది. మస్తానయ్య గుమ్మంలో నిలబడి ఆమెను పిలవబోయాడు. నోరు తెరిచాడు. ఏ మాటా రాలేదు. మళ్ళీ తెరిచాడు. నేను ఆయన చంకలోనే ఉన్నాను, ఆయన గుండె దడదడా కొట్టుకోవడం నా ఒంటికి తెలిసింది.

"అమ్మాయ్," అన్నాడు చివరకు.

ఆమె తిరిగి, "ఏంది నాయనా?" అంది.

"ఏం లేదు. జిప్పు మెల్లిగా లాగు."

ఆమెకు ఏమీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? పుట్టినప్పటినుంచీ ఆయన పిలిచింది అలాగే కదా.

ఆయన గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మంచం మీద పాస్‌పోర్టుల సంచీ ఉంది. ఒక్కొక్కటీ తెరిచి ఫొటోలు చూశాడు. కూతురి ఫొటో దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు పైకి నెట్టుకొని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కొని చదివాడు. పెదాలతో రెండుసార్లు అనుకున్నాడు. నన్ను ఒళ్ళో పెట్టుకొని, చార్టు ఎత్తి, అన్నిటికంటే కింద మిగిలిన కాస్త చోటులో పెన్సిలుతో రాశాడు.

'అమ్మాయి పేరు ప్రసూన.'

రాసి దాన్ని చాలాసేపు చూశాడు. ఒక కన్నీటిబొట్టు నా మీద పడితే బొటనవేలితో తుడిచేశాడు. అక్షరాలకు తగలకుండా జాగ్రత్తగా తుడిచాడు.

ఇంతవరకు వచ్చింది నా కథ. కారు నెల్లూరు దాటింది. ఆయన నన్ను రెండు చేతులతో పట్టుకొని కిటికీలోంచి చూస్తున్నాడు. పక్కన ప్రసూన, ఆ పక్కన కునుకుతున్న పెంచలమ్మ.

"నాయనా, అట్ట ఇటియ్యి. విమానం కాగితాలు దాంట్లోనే పెడ్తిమి గదా, ఒకసారి చూస్తా."

ఆయన ఇవ్వలేదు. ఆమె మెల్లగా లాగింది. ఇంకొంచెం గట్టిగా పట్టుకొని, తర్వాత వదిలేశాడు. వదిలి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

క్లిప్పు టక్కుమంది. ఆమె టిక్కెట్లు తీసింది, చార్టు తీసింది. ఆమె కళ్ళు పై నుంచి కిందికి వచ్చాయి, ఆఖరి వరస దగ్గర ఆగిపోయాయి. కారు ఒక ఊరు దాటింది, ఇంకో ఊరు దాటింది. ఆమె చేతుల్లో నేను కదలకుండా ఉన్నాను. తలకాయలో ఉండేదే నీది, అట్ట మీద ఉండేది అట్టది అన్నాడు ఆ పెద్దమనిషి. ఒకనాడు ఆ మాటకు మురిసిపోయాను. ఇవాళ, ఈ ఒక్క పేరు మాత్రం నాది కాకుండా ఉంటే బాగుండునని ఉంది.

ప్రసూన సంచీలోంచి బాల్ పెన్ను తీసింది. నన్ను ఒళ్ళో సర్దుకొని, తండ్రి పెన్సిలు రాత మీదే, గీత తప్పకుండా దిద్దడం మొదలుపెట్టింది. కిశోర్ దిద్దింది. నిత్య దిద్దింది. చెంచయ్య, బీపీ మాత్ర, గీజరు, అన్నీ దిద్దింది. ఆఖరి వరసకు వచ్చి, అమ్మాయి పేరు అని దిద్ది, ఒక్క క్షణం ఆగి, తన పేరు కూడా దిద్దింది.

"ఏం రాస్తా ఉండావు అమ్మాయ్?" అన్నాడు మస్తానయ్య, కిటికీ వైపు నుంచి తిరగకుండానే.

"ఏం లేదు నాయనా," అంది. "పెన్సిలైతే చెమటకి పోద్ది."